పదహారు గళ్ళలో పట్టని వాక్యం

నిమిషానికి తొంభై, అంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య సెకనులో మూడింట రెండు వంతులు, నాలుగు దెబ్బలకు రెండు సెకన్ల పైన మరో రెండు వంతులు. ఆ కాస్త వ్యవధిని ఈ ర్యాప్ పాటలవాళ్ళు బార్ అంటారు. అందులో మనిషి ఒక ఆలోచనను పూర్తి చేయగలడని వీళ్ళ గాఢ విశ్వాసం. నాకు తెలిసి ఆ వ్యవధిలో పూర్తయ్యేది తుమ్ము ఒక్కటే. గాజు తలుపు అవతల నా చెల్లెలి మనవరాలు చెవులకు పెద్ద డిప్పలు తగిలించుకుని, ఇనుప కడ్డీకి వేలాడే మైకు ముందు నిలబడి చేతులు విసురుతున్నది. ఆమె నోరు కదులుతున్నది గాని మాట ఇవతలకు రావడం లేదు. వచ్చేదల్లా మిషను కొట్టే దెబ్బ, అది కూడా ఇవతల కూర్చున్న రికార్డింగ్ ఇంజనీరు తన డిప్పలను మెడలోకి దించుకున్నప్పుడు వాటి అంచుల నుండి కారే సన్నని టిక్కు టిక్కు. కొలతల ప్రయోగశాలలో ముప్పై నాలుగేళ్ళు గడియారాలను సరిచూసినవాణ్ణి కనుక ఒక విషయం ఒప్పుకోక తప్పదు, ఆ టిక్కు నిక్కచ్చిగా ఉన్నది, ఈ గది గోడ మీది గడియారం కంటే ఎంతో నయం. ఇంత నిక్కచ్చి కాలాన్ని తయారుచేసుకుని దాని మీద ఏమి పేరుస్తున్నారన్నదే నా ఫిర్యాదు. గోడల నిండా బూడిద రంగు స్పంజి ముక్కలు అతికించారు, కోడిగుడ్ల అట్టల్లా ఎగుడుదిగుడుగా. కూర్చునే సోఫా రెక్సిను చిరిగి, చిరుగు మీద టేపు వేసి, టేపూ చిరిగి ఉన్నది. శబ్దాన్ని మింగే గోడలు కట్టుకున్నవాళ్ళకు మనిషి కూర్చునే చోటు బాగుచేయాలన్న స్పృహ లేదు. నా ఒడిలో అట్ట, అట్ట మీద కాగితం, కాగితం మీద ఇంకా ఏమీ లేదు. నాలుగూ ఐదయింది. ఐదింటికి మా గంట ముగుస్తుంది.

ఈ అవమానాన్ని నెత్తిన వేసుకున్నది నేనే. పాట మొత్తం రాసి తెచ్చి లోపలికి వెళ్ళబోతూ ఆమె చివరి వరుస వినిపించింది. పట్టీ కట్టి చంపాడు, పక్కా దొంగ వాడు.

"ఇది అబద్ధం," అన్నాను.

"ఏది?"

"రెండూ. అయస్కాంతాల పట్టీ మీ అమ్మమ్మను చంపలేదు, ఇన్సులిన్ ఆపడం చంపింది. ఆ పట్టీలు అమ్మేవాడు దొంగ కావాలంటే పట్టీ పనిచేయదని వాడికి తెలిసి ఉండాలి. వాడి నడుముకూ ఒకటి ఉన్నది, నేను చూశాను."

"తాతయ్యా, ఇది పాట. పంచనామా కాదు."

"పాటైతే అబద్ధం చెల్లుతుందా?"

ఆమె నన్ను కాసేపు చూసింది. రక్తపరీక్షల కేంద్రంలో పనిచేసే పిల్ల, వేళ్ళకు సూది గుచ్చేముందు మనుషులను చూసే చూపు అది. "అయితే నువ్వే రాయి. రెండు బార్లు వదిలేస్తాను. ఈలోపు మిగతాదంతా చెప్పేస్తాను. నాలుగేసి దెబ్బల్లో పడాలి, పడకపోతే నా దొంగే ఉంటాడు," అన్నది. తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "నిన్న కూడా ఇద్దరు వచ్చారు తాతయ్యా, నడుముకు పట్టీలతో. సూది మానేశామని గొప్పగా చెప్పారు. ఒకావిడకు చక్కెర నాలుగు వందల ఎనభై. వాళ్ళెవరూ పుస్తకాలు చదివేవాళ్ళు కాదు. ఇది ఫోన్లో వింటారు," అన్నది.

పుస్తకాలు చదివేవాళ్ళు కాదట. ఆ పుస్తకం నాది. అయస్కాంత చికిత్స మీద ముప్పై రెండు పేజీలు, పదకొండో పేజీలో దాని గుండెకాయ లాంటి వాక్యం, దాన్ని నేను పదిహేడుసార్లు తిరగరాశాను. అయస్కాంత క్షేత్రానికి రక్తంలోని చక్కెర స్థాయిని తగ్గించే సామర్థ్యం ఉన్నట్లు, ఇప్పటివరకు లభించిన ఆధారాల మేరకు, నిర్ధారణ కాలేదు. ఇందులో ఒక్క పదం కదిపితే నిజం కదులుతుంది. సరే, దాన్ని కాగితం మీద రాసి కొలుద్దాం. దెబ్బకు నాలుగు గళ్ళు, నాలుగు దెబ్బలకు పదహారు. ఒక్కొక్క గడిలో పొట్టి అక్షరం ఒకటి పడుతుంది, పొడుగుదానికి రెండు గళ్ళు కావాలి. గురువుకు రెండు, లఘువుకు ఒకటి అని బెత్తంతో బల్ల మీద కొట్టి చెప్పిన తెలుగు మాస్టారు ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో. ఆయన తరగతిలో నేను వెనక బెంచీలో కూర్చుని లోలకం సూత్రాలు చదువుకునేవాణ్ణి. అక్షరాలు తూకం వేయడం కంటే హీనమైన వృత్తి లేదని పద్నాలుగేళ్ళకే తేల్చుకున్నాను. రాత లేని కాలంలో మాటను మరిచిపోకుండా దాచుకోవడానికి కట్టిన గోదాము ఛందస్సు, అచ్చు యంత్రం వచ్చాక దానికి తాళం వేయాలి, అని వ్యాసం కూడా రాశాను. ఇప్పుడు డెబ్బై ఒకటో ఏట ఆయన పద్ధతిలోనే వేళ్ళు మడుస్తున్నాను. మాస్టారి మీద గౌరవమేమీ పుట్టడం లేదు, పద్ధతి మాత్రం పనిచేస్తున్నది. డెబ్బై తొమ్మిది. నా వాక్యానికి డెబ్బై తొమ్మిది గళ్ళు కావాలి, ఐదు బార్లకు ఒకటి తక్కువ, ఊపిరి తీసుకోకుండా పదమూడు సెకన్లు. నాకిచ్చినవి ముప్పై రెండు గళ్ళు. సగం కూడా పట్టదు. ఏది కోయాలి? 'ఇప్పటివరకు లభించిన ఆధారాల మేరకు' ఒక్కటే ఇరవై మూడు గళ్ళు తింటున్నది. దాన్ని కోస్తే నేను పట్టీలవాడితో సమానం. వాడు కూడా షరతు లేకుండానే మాట్లాడతాడు.

వాడి మాట గుర్తుకు రావడం నా ఖర్మ. పట్టీ పెట్టు, చక్కెర కట్టు. వాడి అట్టపెట్టె మీద ఉంటుంది, వాడి వ్యాన్ మీద ఉంటుంది, వ్యాన్ నెత్తిన మైకు అదే అరుస్తుంది. ఏ ప్రయోగమూ లేని, ఏ అంకే లేని, క్రియకు కర్త ఎవరో కూడా తెలియని చెత్త. వేళ్ళు వాటంతట అవే మడుచుకుంటున్నాయి. పట్టీ పెట్టు, ఏడు, ఒక గడి ఖాళీ. చక్కెర కట్టు, ఏడు, ఒక గడి ఖాళీ. మొత్తం పదహారు. ఈ పిల్ల చెప్పిన పెట్టెలో అబద్ధం అమర్చినట్టుగా అమిరి కూర్చున్నది, అంచు కూడా తగలకుండా. వాడెవడో లెక్క తెలియనివాడు, పదో తరగతి గట్టెక్కాడో లేదో, ముప్పై రెండు పేజీల నన్ను పద్నాలుగు మాత్రల్లో పడగొట్టాడు. చెల్లెలు బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. మిషను పెడలు మీద పాదం పడినప్పుడల్లా దాన్నే సన్నగా అనుకునేది, నమ్మి కాదు, పాదానికి అది సరిపోయి. మొదట్లో నమ్మలేదు. నేనే ఎగతాళి చేశాను, ఏమే, వ్యాన్‌వాడు నిన్ను పాటకత్తెను చేశాడా అని. నవ్వింది. వారం తిరిగాక ఆ మాట ఆమెకు సొంత మాటలా ఉన్నది. వినడానికి కుదిరింది గనుక నిజమై ఉంటుందనుకోవడం, మనిషి మెదడుకున్న అన్ని జబ్బుల్లోకీ ఇదే నీచమైనది. రెండు మాటలు ఒకేలా మోగితే వాటి వెనక ఏదో ఒప్పందం ఉన్నట్టు లోపల గంట కొడుతుంది. ఆ గంటను నమ్ముకుని ఎన్ని పట్టీలు, ఎన్ని తాయెత్తులు, ఎన్ని ప్రభుత్వాలు. లోపల ఈ పిల్ల చేతులు విసురుతూ చేస్తున్నది కూడా ఆ గంట కొట్టడమే. వాడి గంటకు తన గంట జవాబు చెబుతుందట.

"ఏంటి సార్, వేళ్ళు తెగ మడుస్తున్నారు?"

సోఫా రెండో కొసన ఎప్పుడు వచ్చి కూర్చున్నాడో, ఖాకీ చొక్కా మీద మామూలు స్వెట్టరు వేసుకున్న నడివయసు మనిషి, మోకాలి మీద అరచేత్తో తడుతున్నాడు. బస్సు నడుపుతాడట. ఐదు నుంచి ఆరు వరకు గది ఇతనిది. ఇతను కూడా రాస్తాడు, పాడతాడు, రూటులో జనం ఇతన్ని బ్రేకు అంటారట. అడగకపోయినా అన్నీ చెప్పాడు. వానాకాలంలో ఎక్కువ రాస్తానన్నాడు.

"వానకూ రాతకూ ఏమిటి సంబంధం?"

"వైపర్లు సార్. అటు ఒకటి, ఇటు ఒకటి. దాని మీద మాట పెట్టుకుంటూ పోతా. డిపోకి చేరేసరికి ఎనిమిది వరుసలైపోతాయి."

"ప్రయాణికుల ప్రాణాలు?"

"వాళ్ళకి కూడా వినిపిస్తా," అన్నాడు, పళ్ళన్నీ కనబడేలా. నా ఒడిలోకి తొంగిచూసి, అడగకుండానే పదకొండో పేజీ వాక్యాన్ని పెదవులతో చదివాడు. చదవడానికి అతనికి పదమూడు సెకన్ల కంటే చాలా ఎక్కువ పట్టింది. "బాగుంది సార్, బరువుగా ఉంది. ఇది ఎవరితో అంటున్నారు? జడ్జి గారితోనా?"

"ఎవరితోనూ కాదు. ఇది వాక్యం. నిజం ఎవరితో అన్నా నిజమే."

"అదే మరి. ఎవరితోనూ అనకపోతే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలీదు కదా సార్," అని, తన మోకాలి దగ్గరికి తాను వెళ్ళిపోయాడు. వైపర్ల తత్వవేత్త. ఇటువంటివాళ్ళకు ఎదురు చెప్పడం కూడా ఒక గౌరవమే, నేను ఇవ్వలేదు. నాలుగూ ఇరవై రెండు. అయస్కాంతం ఏమీ చేయదు, అని రాసి కొట్టేశాను, ఏమీ చేయదనడం తప్పు, ఇనుమును లాగుతుంది. చక్కెర తగ్గదు, అని రాసి కొట్టేశాను, సూదితో తగ్గుతుంది, తిండి మానినా తగ్గుతుంది, చివరికి చచ్చినా ఒక లెక్కన తగ్గుతుంది. ఆధారం లేదు, అని రాశాను. తొమ్మిది గళ్ళు, చక్కగా ఉన్నది, నిజం కూడా. దాన్ని ఆ నాలుగు వందల ఎనభై చక్కెర ఆవిడ వింటున్నట్టు ఊహించుకున్నాను. ఆధారం లేదు. ఎవరికి లేదు బాబూ, మాకా, అని అడుగుతుంది ఆవిడ. ఎవరితో అంటున్నారు. ఆ బస్సు మనిషి నోట్లో నుంచి వచ్చిన మాట కనుక దాన్ని అక్కడే వదిలేయాలి, కాని అది పళ్ళ మధ్య ఇరుక్కున్న నారలా ఉన్నది. నేను రాసినది ఎవరితోనైనా అన్నానా? ఒక్కసారి. ఒక్క మనిషి ఆ వాక్యాన్ని పట్టుకుని నాకు ఫోన్ చేసింది.

ఆదివారం ఉదయం. "అన్నయ్యా, నీ పుస్తకం చదివేశాను," అన్నది చెల్లెలు. "నిజంగానే. మూడు రోజులు పట్టింది, నడుం పట్టేసింది." నవ్వాను. "పదకొండో పేజీలో ఇప్పటివరకు అన్నావు. ఇప్పటివరకు తేలలేదంటే రేపు తేలొచ్చన్నట్టే కదా?" నాకు ఎంత సంతోషం కలిగిందో ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు చీదర పుడుతుంది. ముప్పై రెండు పేజీల్లో నేను అతి జాగ్రత్తగా దాచిపెట్టిన వినయాన్ని కనిపెట్టిన ఏకైక పాఠకురాలు, ఎనిమిదో తరగతితో ఆపేసిన నా చెల్లెలు. సూత్రరీత్యా అవును, అన్నాను. శాస్త్రం ఏ తలుపునూ పూర్తిగా మూయదు, అదే దాని గొప్పతనం, అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను, పది నిమిషాలు. "ఏ రీతిగానో, అవునంటున్నావు," అన్నది ఆమె. తర్వాత, "మరి రోజుకు రెండు పోట్లు పొడుచుకోవడం దేనికీ అని..." అని ఆగింది. ఆమె వాక్యం పూర్తి చేస్తుందని చూశాను. చేయలేదు. అసంపూర్ణ వాక్యాలకు జవాబిచ్చే అలవాటు నాకు లేదు, ప్రశ్న ఏమిటో స్థిరపడనిదే జవాబు చెప్పడం అశాస్త్రీయం. మిషను మీద గుడ్డ ఉన్నదని ఫోను పెట్టేసింది. సోమవారం సూది మానేసింది. తొమ్మిదో రోజు ఆసుపత్రిలో ఆమె ఊపిరి కుళ్ళిన పండు వాసన వేస్తున్నది. ఆ వాసనకు కారణమైన రసాయనం పేరు నాకు తెలుసు, అక్కడ నిలబడి ఆ పేరే తలచుకున్నాను. ఏడాదిన్నర అయింది. అవునన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకు కూడా నేను జవాబివ్వను కదా. ఎంత కట్టుదిట్టమైన పద్ధతి, ఎంత శుభ్రమైన చేతులు. పట్టీలవాడు తన అబద్ధాన్ని నమ్మి తన నడుముకే కట్టుకున్నాడు, నేను నా నిజాన్ని అలమరలో పెట్టి, వచ్చినవాళ్ళకు దాని నునుపు చూపించుకున్నాను. ఇద్దరిలో ఎవరిని చూసి ఎక్కువ అసహ్యించుకోవాలో కొలిచే పరికరం మా ప్రయోగశాలలో లేదు.

నాలుగూ ముప్పై ఎనిమిది. చెల్లెలు అడుగుతున్నది. మిషను పక్కన, మెడలో టేపుతో, ఆగిపోయిన వాక్యంతో. అని... అని ఏమిటే? ఇప్పుడు చెప్పు, సూత్రరీత్యా కాకుండా, తలుపులు మూసే సంగతి పక్కన పెట్టి, ఆ ముఖం చూసి చెప్పు. అయస్కాంతం సంగతి ఆమె అడగనే లేదు, పట్టీ ఆమెకు సరదా, ఉంటే ఉండనీ, నడుముకు ఒక గుడ్డ, దానివల్ల ఎవరికి నష్టం. వద్దంటే తిడుతుంది, నీ వెటకారం నీ దగ్గరే పెట్టుకో అంటుంది, అననీ. పెన్ను కదిలింది. సూది ఆపకు, పట్టీ కట్టుకో. నన్ను తిట్టుకో, సూది ఆపకే. లెక్కపెట్టాలని తర్వాత తట్టింది. ఏడూ తొమ్మిదీ పదహారు. ఎనిమిదీ ఎనిమిదీ పదహారు. రెండుసార్లు లెక్కపెట్టాను, యాదృచ్ఛికమే, మాట్లాడే మనిషి ఊపిరి పొడవు ఇంచుమించు అంతే ఉంటుంది గనుక ఇందులో విశేషమేమీ లేదు. ఇందులో 'ఆధారాల మేరకు' లేదు. ఎక్కడా ఒక్క మినహాయింపు లేదు. వెతికాను, ఈ వాక్యంలో ఏ పదం అబద్ధం కాగలదని. సూది ఆపకూడదన్నది ఆ ఆదివారం కూడా నాకు తెలిసినదే, ఆనాడు కూడా దానికి షరతు లేదు.

మనవరాలు నీళ్ళకోసం బయటికి వచ్చినప్పుడు కాగితం ఇచ్చాను. నిలబడే చదివింది, బొటనవేలితో తొడ మీద తట్టుకుంటూ.

"దొంగ ఏడి?"

"లేడు."

"మరి ఎవరు చంపినట్టు?"

చెప్పాను. ఫోను, పదకొండో పేజీ, సూత్రరీత్యా అవును, ఆగిపోయిన వాక్యం. నాలుగు వాక్యాల్లో అయిపోయింది. బస్సు మనిషి మోకాలి మీద చెయ్యి ఆపి, లేచి, మెట్లవైపు వెళ్ళాడు.

ఆమె సీసా మూత తిప్పుతూ, "నాకు తెలుసు," అన్నది.

"ఎలా?"

"అమ్మమ్మే చెప్పింది. సూది మానేస్తున్నానే, మా అన్నయ్య కూడా అవునన్నాడు అంది. ఆ సోమవారమే." మూత బిగించింది, మళ్ళీ విప్పింది. "రోజుకు నలభై మందికి చక్కెర చూసేదాన్ని తాతయ్యా. ఆపితే ఏమవుద్దో నాకు తెలీదా. కానీ నువ్వు అవునన్నావంటే ఏదో ఉండే ఉంటుందిలే అనుకున్నా. నువ్వు ఊరికే అనవుగా." ఒక గుక్క తాగి అన్నది, "వాడొకడు దొంగైతే బాగుండు అనిపించింది. అంతే."

జవాబుగా నాకు తోచినవన్నీ పొడుగ్గా ఉన్నాయి. ఇంజనీరు డిప్పలు చెవి నుంచి తొలగించి, "అమ్మా, ఇంకా పదిహేను నిమిషాలే," అన్నాడు. ఆమె కాగితాన్ని మైకు కడ్డీకి క్లిప్పుతో తగిలించి లోపల నిలబడింది. నేను సోఫా వదిలి ఇంజనీరు వెనక కుర్చీలో కూర్చున్నాను, అతను రెండో జత డిప్పలు నా చేతికి ఇచ్చాడు.

మొదటిసారి కోపంగా అన్నది, దొంగకు రాసుకున్న కోపం ఇంకా మిగిలి ఉన్నది. రెండోసారి వేగం ఎక్కువై చివరి గడి ఖాళీగా మిగిలింది. మూడోసారి ఎవరో పక్క గదిలో ఉన్నట్టు, వాళ్ళను పిలుస్తున్నట్టు అన్నది.

"అబ్బ, ఇది బాగుంది. ఉంచేద్దాం," అన్నాడు ఇంజనీరు.

"లేదు. రెండో వరుసలో 'ఆపకే' లోని ఆ, నాలుగో దెబ్బకు ఒక గడి ముందే వచ్చేసింది," అన్నాను.

అతను వెనక్కి తిరిగి చూశాడు. "లెక్క ప్రకారం అది అక్కడే పడుద్ది సార్. మీరు రాసిందే అలా ఉంది."

"అయితే సూదిలో 'ది'ని ఒక గడి సాగదీయమనండి. దెబ్బ 'ఆ' మీదే పడాలి."

"అప్పుడు చివరి అక్షరం బార్ దాటిపోద్ది."

"దాటనివ్వండి."

"వినేవాళ్ళకి ఇంత తేడా తెలీదు సార్."

"కుట్టుమిషను తొక్కుతూ వింటారు. తెలుస్తుంది."

అతను మీట నొక్కి ఆమెకు చెప్పాడు. ఆమె తలూపింది, పెన్నుతో కాగితం మీద 'ది' కింద గీత గీసింది, అద్దంలోంచి నావైపు చూడలేదు. నాలుగోసారి 'ది' మరీ సాగింది. ఐదోసారి గొంతు తడబడింది, ఇంజనీరు ఆపబోతే చేత్తో వద్దంది. ఏడోసారికి ఐదయింది. తలుపు దగ్గర బస్సు మనిషి నిలబడి ఉన్నాడు. ఇంజనీరు అతనివైపు చూస్తే, "కానివ్వండి, నా టైంలోంచి తీసుకోండి," అన్నాడు. ఎనిమిదోసారి 'ఆ' దెబ్బ మీద పడింది, కాని 'కే' మింగేసినట్టయి వినపడలేదు. తొమ్మిదోసారి రెండూ పడ్డాయి, పట్టీ దగ్గర ఊపిరి తెగింది.

"చాలు సార్, పాపం, గొంతు పోతోంది," అన్నాడు ఇంజనీరు.

డిప్పల్లో ఆమె ఊపిరి వినబడుతున్నది, దాని కింద నిమిషానికి తొంభై. నేను ముందుకు వంగి మీట నేనే నొక్కాను.

"ఇంకొక్కసారి చెప్పవే," అన్నాను.

చెప్పింది.